నిమ్మఉప్పు చేయు బూజు – సంఘములు చేయవలసిన పని

సత్తెనపల్లి ప్రాంతమున పత్తితీతలు ముగియగనే కట్టెను పెరికి చేనిలోనే కాల్చుట పరిపాటి. గులాబిరంగు పురుగు మరుసటి పైరునకు సోకకుండ చేను శుభ్రపరచుట అవసరమే. కాని రైతునకు మిగులునది బూడిద మాత్రమే. ఇట్టి చౌక పదార్థములను బూజుచేత పులియించి ఆమ్లములు తీయవచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఇందు నిజమెంతయో, ఆశ యెంతయో సభ్యులు విచారింపవలెనని మా మనవి.

శాస్త్రము నిజమే. పానీయములలోను మందులలోను వాడు నిమ్మఉప్పు, అనగా సిట్రిక్ ఆమ్లము, పూర్వము నిమ్మజాతి పండ్లనుండియే వచ్చుచుండెను. ఆస్పర్జిల్లస్ నైగర్ అను నల్లబూజు పంచదారను ఈ ఆమ్లముగా సమృద్ధిగా మార్చగలదని 1917లో అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ కరీ ప్రకటించెను. 1919లో ఫైజర్ కంపెనీ ఆ పద్ధతిని వ్యాపారమున ప్రవేశపెట్టెను. తరువాత చక్కెర మిల్లుల మడ్డియు, జపానులో చిలగడదుంపల పిప్పియు అందులకు ముడిసరుకులయ్యెను.

అయితే బూజునకు కావలసినది చక్కెర. మడ్డిలో నది సిద్ధముగా నున్నది. పిప్పిలోని పిండి సులభముగా చక్కెరగా మారును. పత్తికట్టె యట్లు కాదు. దానిని పొడిచేసి, ఆవిరితోనో మందులతోనో మెత్తపరచి, ఎంజైములతో కరగించిననేగాని చక్కెర రాదు. పైగా తేలికయై చోటు నాక్రమించు కట్టెను దూరము చేరవేయు బాడుగ అదనము. కావున కట్టెకు రేపే మంచి ధర వచ్చునని యెవరైన చెప్పిన నమ్మరాదు.

బూజులన్నియు నొక్కటి కావు. సరిగా ఆరని మిరపకాయలపై పట్టు బూజులలో కొన్ని అఫ్లాటాక్సిన్ అను విషమును పుట్టించును; అది మితిమీరిన సరుకును విదేశములు త్రిప్పి పంపును. కర్మాగారమున ఏరిన బూజునే, గాలిని, లోహముల పాళ్లను కొలిచి పెంచుదురు. ఇంటి తొట్టిలో చేయదగిన పని కాదు.

మరి మనము చేయవలసిన దేమి? తవుడు, పిప్పి, కట్టె వేటికవి వేరుపరచి, ఆరబెట్టి, మట్టి కలియకుండ నిలువచేయుట యొకటి. బాపట్ల, లాం వ్యవసాయ శాస్త్రజ్ఞుల నడిగి, వానిలోని చక్కెరను, పురుగుమందుల శేషమును పరీక్ష చేయించుట రెండవది. కొనువారితో సంఘము పేరనే వ్రాతమూలకముగా ఒడంబడిక చేసికొనుట మూడవది. ఒంటరి రైతు బండెడు కట్టెకు కొనువాడు చెప్పినదే ధర. నూరుగురు కలిసిన బేరము మనది. 1904 నాటి సహకార చట్టము పరపతి విషయమున నేర్పిన పాఠ మిదియే.

కొనువారు దొరకువరకు కట్టెను కాల్చక, యంత్రముతో తునుకలు చేయించి ఎరువుగుంటలో వేయుడు. అది పురుగునకు చేటు, నేలకు మేలు.