దోషం ముక్కదా?

పేకముక్క అనగానే మన కృష్ణాతీరపు పల్లెలలో పెద్దల కనుబొమలు ముడివడతాయి. జూదం కొంపలు కూల్చింది. 1974లో రాష్ట్రం దానిపై చట్టమే చేసింది. కనుక ఏ చల్లపల్లి తరగతిగదిలోనో గణితోపాధ్యాయుడు ముక్కలు పంచితే తల్లిదండ్రులు ఉలిక్కిపడడం సహజమే. అయినా దోషం పందేనిది గాని ముక్కది కాదు.

నలుగురు విద్యార్థుల నడుమ 8, 3, 5, 5 ముక్కలు పరచి, నాలుగింటినీ వాడి 24 రాబట్టమనండి. "ఎనిమిది మూళ్ళు ఇరవైనాలుగు, ఐదులో ఐదు పోతే సున్న, అది కలుపుదాం" అంటుంది ఒక బాలిక. "ఐదును ఐదుతో భాగించి, ఆ ఒకటితో గుణించినా అంతేగా!" అంటాడు మరొకడు. శతాబ్దాల కిందటే పావులూరి మల్లన గణితాన్ని పద్యాలలో పొదిగిన భాష మనది. కంఠస్థం మనకు కొత్త కాదు. అయితే ఎక్కం ఒక్క దారినే చూపుతుంది, ఈ ఆట దారులు వెదికిస్తుంది.

చురుకైనవాడే ప్రతిసారీ బదులు పలికితే మాత్రం ఆట చెడుతుంది. వేళ్ళు లెక్కించుకొంటున్నవాడు తలెత్తేవరకు తక్కినవారు ఆగాలి.