పెద్ద సైలెన్సర్‌తో బలం రాదు
నాలుగు సిలిండర్ల చిన్న కారు ఇంజన్‌కు పెద్ద సైలెన్సర్ బిగిస్తే బలం పెరుగుతుందన్న గత సంచిక లేఖ సరికాదు. పెరిగేది ముఖ్యంగా చప్పుడే.

993 సీసీ మారుతి జెన్ అయినా బలం సిలిండర్‌లోకి చేరే గాలిని బట్టే ఉంటుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది. దాని శివార్లలోని మా దేవరయాంజాల్, శామీర్‌పేట వైపు గాలి తీరప్రాంతం కన్నా సుమారు 5 శాతం పలుచన. టర్బో లేని ఇంజన్ ఆ మేరకు బలహీనపడుతుంది.

ఎత్తు వల్ల తగ్గినదాన్ని ట్యూనింగ్‌తో తేలేం కనుక, ముందు అరుగుదల, నిర్వహణ లోపాల వల్ల పోయిన బలాన్ని రాబట్టాలి. కంప్రెషన్ కొలిచి, వాల్వుల సందు సరిచేసి, ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్చాలి. ఒక్క సిలిండర్ మండకపోయినా కనీసం నాలుగోవంతు బలం పోతుంది.

రేసింగ్ క్యామ్‌షాఫ్ట్ పై ఆర్‌పీఎమ్‌లో బలమిచ్చినా, ఊరి రోడ్లకు కావలసిన కింది లాగుడును తగ్గిస్తుంది. ఇంజన్‌నే మార్చాలంటే మోటారు వాహనాల చట్టంలో వాహన మార్పులను నియంత్రించే 52వ సెక్షన్ వర్తిస్తుంది.

– ఒక పాఠకుడు, దేవరయాంజాల్