రెండు సరస్సుల లోయలో గుర్తొచ్చిన బాకీ

నిరుడు వేసవి సెలవుల్లో డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్న మా అక్కావాళ్ళింటికి వెళ్ళాను. ఒక ఆదివారం బావ నన్ను బస్సెక్కించి గ్లెండలాక్ తీసుకెళ్ళాడు. డబ్లిన్‌కు దక్షిణంగా విక్లో కొండల్లో ఉందది. ఐరిష్ భాషలో ఆ పేరుకు 'రెండు సరస్సుల లోయ' అని అర్థం. హిమానీనదం తొలిచిన ఆ లోయలో మొదట ఒకటే సరస్సు ఉండేదట. పక్కవాగు తెచ్చిన రాళ్ళూ మట్టీ మేటవేసి దాన్ని రెండు చేశాయి. వరదకు పొలం మేటవేయడం ఎరిగినవాణ్ణి గనుక ఆ సంగతి నాకు ఇట్టే బోధపడింది.

6వ శతాబ్దంలో కెవిన్ అనే సన్యాసి ఏకాంతం కోరి ఈ లోయకు వచ్చాడు. ప్రార్థనకు చాచిన ఆయన అరచేతిలో ఓ నల్లపిట్ట గుడ్లు పెడితే, అవి పిల్లలయ్యేదాకా చెయ్యి కదపలేదని కథ. ఏకాంతం కోరినవాడి చుట్టూ పెద్ద మఠమే వెలిసింది! 1398లో ఇంగ్లీషు సైన్యం దాన్ని ధ్వంసం చేసింది. అయినా సుమారు 30 మీటర్ల గుండ్రని రాతి గోపురం ఇంకా నిలిచే ఉంది. దాని వాకిలి నేలకు మూడున్నర మీటర్ల ఎత్తున ఉంటుంది. నిచ్చెన లేనిదే ఎక్కలేం. దాని శిఖరాన్ని 1876లో పాతరాళ్ళతోనే తిరిగి కట్టారు. పై సరస్సు చివర, 19వ శతాబ్దంలో సీసం తవ్విన గని కార్మికుల పల్లె గోడలున్నాయి. వాటినీ చెరపలేదు. సన్యాసి రాయికీ కూలివాడి రాయికీ ఒకే మర్యాద. ఆ శిథిలాల మధ్య తిరగడానికి టిక్కెట్టు కూడా లేదు.

నేను నోరు తెరుచుకుని చూస్తుంటే బావ నవ్వి, "ఏం బామ్మర్దీ, మీ సాగర్ నీళ్ళ కిందా ఇలాంటి లోయే ఉందిగా, నాగార్జునకొండ చూశావా?" అన్నాడు.

చూడలేదు. సిగ్గేసింది.

మా పొలం సాగర్ ఎడమకాలువ కింద ఉంది. నా కాలేజీ ఫీజు ఆ నీళ్ళతో పండిన వరి చలవే. 1955లో నెహ్రూ ఆ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్ళొచ్చాయి. ఈలోగా ఇక్ష్వాకుల విజయపురి, సింహళం నుంచి వచ్చిన భిక్షువులు బసచేసిన విహారాలు ఉన్న లోయ మునిగింది. 1954 నుంచి 1960 దాకా హడావిడిగా తవ్వి, కొన్ని కట్టడాలను కొండమీదికి చేర్చి తిరిగి నిలబెట్టారు.

ఆనకట్ట తప్పని నేననను. తిరిగొచ్చాక అడిగితే మా నాన్న, "అన్నం పెట్టే నీళ్ళురా అవి" అన్నాడు. నిజమే. కానీ అన్నం తిన్నవాడికి ఆ అన్నం కోసం ఏం మునిగిందో తెలియక్కర్లేదా? కెవిన్ లోయను వాళ్ళు ఉన్నచోటే కాపాడుకోగలిగారు. మనకా అవకాశం లేకపోయింది. అందుకే మన బాధ్యత ఇంకా ఎక్కువ. పోగొట్టుకున్నదాన్ని తలుచుకోవడం తప్ప మనం చేయగలిగింది మరేముంది?

మొన్న దసరా సెలవుల్లో నాన్నను వెంటబెట్టుకుని విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కాను. కొండమీద ఇటుకల స్తూపం చుట్టూ ఆయన మౌనంగా తిరిగాడు. వచ్చేటప్పుడు మాత్రం, "ఇన్నేళ్ళూ కాలువకే దణ్ణం పెట్టానురా" అన్నాడు.

మిత్రులారా! మన యూనియన్ ఏటా విహారయాత్రకు ఊరు వెతుకుతుంది. ఈసారి ఊటీ మాట పక్కనబెట్టి నాగార్జునకొండకు వెళదాం. ఆయకట్టు బిడ్డలం ఈ కాలేజీలో తక్కువమందిమేం కాదు. నాలా ఐర్లండు వెళ్ళి గుర్తుచేయించుకోవలసిన పని మీకెందుకు?