కూలి మాట విదూషకుడికి వదిలిందెవరు?

చిక్కడపల్లి, అశోక్‌నగర్ గదుల్లో వుంటూ సిటీ సెంట్రల్ లైబ్రరీలో చదువుకొనే విద్యార్థుల మధ్య ఈ నడుమ ఒక జాబితా తిరుగుతున్నది. అమెరికాలో 1993 నుంచి 1999 దాకా ప్రసారమైన ‘స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్’ అనే వైజ్ఞానిక కల్పనా ధారావాహికలో ఏ ఎపిసోడ్లు చూడాలో, ఏవి వదిలెయ్యాలో చెప్పే జాబితా అది. తయారుచేసినవారు పరాయివారు కారు. నారాయణగూడలో పాఠాలు చెప్పుకొనే మన మిత్రులే. వారి ఉద్దేశం మంచిదే. ఏడు సీజన్లు, 176 ఎపిసోడ్లు. పరీక్షలకు చదువుకొనే కుర్రవాడికి అంత తీరిక ఎక్కడిది? అందుచేత తాలు చెరిగి గింజలు చేతిలో పెడదామనుకొన్నారు. వచ్చిన చిక్కల్లా, వారు చెరిగి పారబోసినదాంట్లో గింజలున్నాయి.

పారబోసినవాటిలో ఎక్కువ భాగం ఫెరెంగీలనే గ్రహాంతరవాసుల హాస్య కథలు. వాటిలో వారు చూపే దోషాలు మూడు. ఒకటి: ఆక్రమణ, యుద్ధం, విమోచన వంటి గంభీరమైన వస్తువు నడుస్తూవుండగా చేటచెవుల వ్యాపారులు వచ్చి నవ్వించడం వల్ల రసభంగమవుతున్నది. రెండు: ఒక జాతిని మొత్తంగా లోభులుగా, పిరికివారుగా చూపి నవ్వించడం అభ్యుదయ దృష్టికి విరుద్ధం. మూడు: హాస్యం కాలక్షేపానికే గాని ఆలోచనకు పనికిరాదు. ఈ మూడింటిలో రెండోదానికి పస వుంది; దాని దగ్గరికి తరువాత వస్తాను. మిగతా రెండూ అభ్యుదయం పేరు తగిలించుకొన్న పెద్దమనిషి తరహా తప్ప మరేమీ కావు.

చూడనివారి కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. బేజోర్ అనే గ్రహాన్ని కార్డాసియన్లు దశాబ్దాలపాటు ఆక్రమించి, చివరకు వదిలిపోయారు. వాళ్లు కట్టిన అంతరిక్ష కేంద్రాన్ని ఇప్పుడు ఫెడరేషన్ నడుపుతున్నది. భూమి కూడా ఆ ఫెడరేషన్‌లో వున్నది. తమది డబ్బుతో పనిలేని సమాజమని భూలోకవాసులు గర్వంగా చెప్పుకొంటారు. అదే కేంద్రంలో క్వార్క్ అనే ఫెరెంగీ ఒక సారాదుకాణం, జూదశాల పెట్టుకొన్నాడు. లాభార్జనకు 285 సూత్రాలు రాసుకొన్న జాతి వాడిది. తమ్ముడు రోమ్ ఆ దుకాణంలో పనివాడు. రోమ్ కొడుకు నోగ్.

ఫెరెంగీ అన్న పేరు మనకు కొత్తది కాదు. ఐరోపా నుంచి ఓడలెక్కి వచ్చిన వర్తకుణ్ణి మన పెద్దలు పరంగి అన్నారు, ఫిరంగి అన్నారు. పారశీక, అరబ్బీ భాషల మీదుగా తూర్పు దేశాలన్నిటా పాకిన ఆ మాటనే అమెరికన్ రచయితలు లాభమే దైవమైన జాతికి పెట్టారు. మన భాషలో ఫిరంగి అంటే తోపు కూడా. వర్తకుడూ తోపూ ఒకే ఓడలోంచి దిగిన సంగతి ఆ మాట ఇప్పటికీ మరచిపోలేదు. కాబట్టి ఈ ధారావాహికలో నవ్వు ఎవరిని చూసి పుట్టిందో పేరులోనే వుంది. ఎక్కడో దూరపు గ్రహంలోని వింత జంతువును చూసి కాదు. బేరం తప్ప మరో బంధమెరగని మన ఇరుగుపొరుగు మనిషిని చూసి.

ఇక మిత్రులు వదిలెయ్యమన్నవాటిలో ఒకదాన్ని పట్టుకొందాం. ‘బార్ అసోసియేషన్’ అనే ఎపిసోడు 1996లో వచ్చింది. బేజోర్ ప్రజలు నెలరోజులు వ్రతం పట్టారు. దుకాణం బేరాలు పడిపోయాయి. యజమాని ఏం చేస్తాడు? పనివాళ్ల జీతాల్లో మూడోవంతు కోస్తాడు. క్వార్క్ అదే చేశాడు. రోమ్‌కు చెవిలో జబ్బు చేసింది. జబ్బు చేస్తే సెలవన్న మాట అక్కడ లేదు. వైద్యుడు యూనియన్ సంగతి ఎత్తితే రోమ్ దాన్ని నిజంగానే పట్టుకొన్నాడు. అప్పటిదాకా ప్రతి మాటకూ బెదిరి, నత్తిగా నవ్వించిన ఆ పనివాడు కార్మికసంఘం పెట్టాడు. సమ్మె నడిపాడు. అన్న ఎదుట నిలబడి కమ్యూనిస్టు ప్రణాళికలోని చివరి పిలుపును వినిపించాడు. ఇనుపఖనిలోనో రేవులోనో కాదు, నవ్వుల కథలో, చేటచెవుల విదూషకుడి నోట.

అంతకంటె ముఖ్యమైన మాట మరొకటి అక్కడుంది. ఫెరెంగీ పనివాళ్లు ఎందుకు తిరగబడరో రోమ్ చెబుతాడు. దోపిడీ ఆగాలని వాళ్లు కోరుకోరట. ఏదో ఒకనాడు తామే దోచుకొనే చోటికి చేరాలని కోరుకొంటారట. ఈ సత్యం చెప్పడానికి మన సమావేశాల్లో ఎన్ని ఉపన్యాసాలు ఖర్చవుతున్నాయి! అదే మాటకు ఇక్కడ ప్రేక్షకుడు ముందు నవ్వాడు. తరువాత తన గదిలో గోడకంటించుకొన్న పరీక్షల పట్టిక వైపు చూశాడు. అన్యాయం పోవాలని చదువుతున్నానా, నా వంతు రావాలని చదువుతున్నానా అని ఒక్క క్షణం తన్ను తాను అడుక్కొన్నాడు. నేను ఆ కుర్రవాణ్ణి నిందించడం లేదు. ఊళ్లో పొలం కౌలుకిచ్చి, అప్పుచేసి పంపిన తల్లిదండ్రులకు జవాబు చెప్పుకోవలసినవాడు అతను. కాని ఆ ప్రశ్న అతనికి అడ్డుపడడం మంచిదే. అడ్డుపెట్టింది ఏ గంభీర ఎపిసోడూ కాదు.

ఇక్కడే మన మిత్రులను నేను నిలదీయదలచుకొన్నాను. ఏడు సీజన్ల ఈ ధారావాహికలో కూలి ఎంత, ఎవరు కోశారు, ఎవరు సమ్మె చేశారు అన్న ప్రశ్న దుకాణంలోనే తప్ప సేనాధిపతుల గదిలో ఎందుకు వినిపించదు? ఫెడరేషన్ గంభీరపురుషులు యుద్ధ ధర్మాన్ని గురించి, ప్రవక్తలను గురించి, సామ్రాజ్యాల పతనాన్ని గురించి మాట్లాడతారు. తమ ఇళ్లలో తిండి ఎవరు వండుతున్నారో, డబ్బు లేని ఆ సమాజం ఏ పోరాటంతో వచ్చిందో చెప్పరు. అంటే కూలి ప్రశ్నను రచయితలు గంభీర కథల గడప దాటనివ్వలేదు. దానికి పెరటి దారి చూపించారు. పెరటి దారిన వచ్చినవాణ్ణి పట్టుకొని, నీ వల్ల ఇంటి మర్యాద చెడిందంటే అది న్యాయమా? లోపం ఎక్కడైనా వుంటే గంభీర ఎపిసోడ్లలో వుంది. నవ్వును కొట్టెయ్యడంతో ఆ లోపం తీరదు, కప్పడిపోతుంది. జాబితా ప్రకారం చూసిన విద్యార్థికి ఆ లోకంలో అసలు పనివాళ్లే లేరని తోస్తుంది.

అట్లాగని ‘బార్ అసోసియేషన్’ను నెత్తికెత్తుకోమని నేననడం లేదు. కథ చివర క్వార్క్ కోరికలన్నీ తీరుస్తాడు; కాని సంఘం పైకి రద్దయినట్టు కనిపించాలంటాడు, రోమ్ ఒప్పుకొంటాడు. ఆపైన నాయకుడు దుకాణం విడిచి కేంద్రంలో మరమ్మతుల పనికి పోతాడు. సమస్య సంఘంతో తీరలేదు, ఒకడి ఉద్యోగంతో తీరింది. ఇది రాజీ. ఈ రాజీని విమర్శించండి, నేను మీతో వుంటాను. కాని రాజీని విమర్శించాలంటే ముందు ఆ ఎపిసోడు చూడాలి గదా!

ఇప్పుడు రెండో ఆక్షేపణ. ఇది తోసివెయ్యదగింది కాదు. ఫెరెంగీలను మొదట 1987లో, ఇంతకు ముందరి ధారావాహికలో శత్రువులుగా ప్రవేశపెట్టారు. కొరడాలు పట్టుకొని కోతుల్లా గెంతే ఆ రూపం చూసి భయపడినవారు లేరు. భయపెట్టలేనిదాన్ని నవ్వులకు మార్చుకొన్నారు. లోభం, పెద్ద చెవులు, పొట్టి శరీరం కలిపి ఒక జాతికి అంటగడితే, ఐరోపాలో యూదుల మీద గీసిన పాత వికృత చిత్రాలు గుర్తుకు రావడం సహజం. ఆ విమర్శ చేసినవారు తప్పు చెయ్యలేదు. మన సినిమాల్లో కూడా యాసను చూసి, నల్లని శరీరాన్ని చూసి, వంటవాణ్ణి చూసి నవ్వించే అలవాటు ఎంత పాతదో మనకు తెలుసు. తెలంగాణ మాటను ఎన్ని చిత్రాల్లో రౌడీకీ పనివాడికీ మాత్రమే ఇచ్చారో క్రాస్‌రోడ్స్ సినిమాహాళ్లలో కూర్చున్నవారందరికీ తెలుసు.

అయితే ఆ దోషాన్ని దిద్దింది ఏది? గంభీర ఎపిసోడ్లు కావు. మళ్లీ ఈ హాస్య ఎపిసోడ్లే. రెండున్నర గంటల సినిమాలో విదూషకుడు వచ్చి నవ్వించి వెళ్లిపోతాడు. వాడికి ఇల్లుందో లేదో మనకు తెలియదు. ధారావాహికలో వాడు మళ్లీ మళ్లీ వస్తాడు. వాడి తల్లి వస్తుంది, 1995లో. ఫెరెంగీ లోకంలో ఆడదానికి బట్ట కట్టే హక్కు, లాభం గడించే హక్కు లేవని ఆమె వల్ల తెలుస్తుంది. ఆమె రెండూ ధిక్కరిస్తుంది. ఆ సంవత్సరమే ‘లిటిల్ గ్రీన్ మెన్’ వచ్చింది. అందులో క్వార్క్, రోమ్, నోగ్ 1947 నాటి అమెరికాలో పడతారు. తమ భూమి మీద తామే అణుబాంబులు పేల్చుకొనే మనుషులను చూసి నిర్ఘాంతపోతారు. ఇక్కడ వింత జంతువు ఎవరు? నవ్వు ఎటు తిరిగింది? 1994లోనే క్వార్క్ కేంద్రాధిపతితో అన్నాడు: బానిసవ్యాపారం, నిర్బంధ శిబిరాలు మీ చరిత్రలోవే, మా చరిత్రలో అటువంటివి లేవు అని. నవ్వించేవాడిగా అలవాటైనందువల్లనే ఆ మాట అంత లోతుగా గుచ్చుకొంటుంది.

రసభంగం సంగతికి వద్దాం. నోగ్ మొదట చిల్లర దొంగ. తరువాత చదువుకొని ఫెడరేషన్ సైన్యంలో చేరిన మొదటి ఫెరెంగీ అయినాడు. 1998లో ఒక యుద్ధరంగంలో అతని కాలు పోతుంది. ఆ ఎపిసోడును మన మిత్రుల జాబితా ‘తప్పక చూడవలసినది’ అంటున్నది. సంతోషమే. కాని అక్కడ మన గొంతు పట్టేసేది ఏమిటి? ఎవడో సైనికుడి కాలు పోలేదు. అయిదారేళ్లుగా మనల్ని నవ్వించిన పిల్లవాడి కాలు పోయింది. ఆ నవ్వులన్నీ వదిలేసి తిన్నగా ఆ కాలు దగ్గరికి వచ్చినవాడికి అది ఒక వార్త మాత్రమే. అంటే గంభీర ఘట్టానికి బలం హాస్య ఘట్టం నుంచే వచ్చింది. దీన్ని రసభంగమనేవారు రసాన్ని సీసాలో నింపి బిరడా బిగించి అమ్మేవారై వుండాలి.

నవ్వులన్నీ మేలైనవని మాత్రం నేననను. అదే 1998లో వచ్చిన ‘ప్రాఫిట్ అండ్ లేస్’ చూడండి. క్వార్క్ ఆడవేషంతో, ఆడశరీరంతో ఒక వ్యాపారిని బుట్టలో వేస్తాడు. ఆడవారి హక్కుల కోసమట ఈ నాటకం! కాని కథ పొడవునా నవ్వు ఆడదాని నడక మీద, ఏడుపు మీద, పమిట మీద. మొదట్లోనే పనిపిల్లను యజమాని తన కోరిక తీర్చమని వేధించడం కూడా నవ్వులాటే. ఈ ఎపిసోడు నిజంగా ధారావాహికను బలహీనపరిచింది. ఎందుచేత? హాస్యం వుండడం చేత కాదు. కొట్టేవాడి పక్కన నిలబడి దెబ్బ తినేవాణ్ణి చూసి నవ్వమన్నందుచేత. ‘బార్ అసోసియేషన్’ దెబ్బ తినేవాడి పక్కన నిలబడి కొట్టేవాణ్ణి చూసి నవ్వమన్నది. మనకు కావలసిన గీటురాయి ఇదే. మన మిత్రుల జాబితా ఈ రెంటినీ ఒకే గంపలో పారేసింది.

ఇంతకూ అభ్యుదయ కళకు హాస్యం పరాయిదని వీరికి ఎవరు చెప్పారు? తోలుబొమ్మలాటలో రామాయణం రాత్రుల తరబడి నడుస్తుంది. మధ్యలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క దూకుతారు. రాముడి ముందు అనలేని మాటను వాళ్లు తెర మీద అనేస్తారు. ‘మాయాబజార్’ 1957లో రాక్షసులతోనే మనల్ని నవ్వించింది. కాని పరువు పోయింది రాక్షసులది కాదు, పెళ్లికొడుకుగా వచ్చిన కౌరవ రాజకుమారుడిది. అన్నిటికంటె దగ్గరిది బుర్రకథ. ప్రజానాట్యమండలి దాన్ని ఊరూరా తిప్పింది. నాజర్ దానికి ప్రాణం పోశాడు. తంబురా పట్టిన కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒకడు రాజకీయం చెబుతాడు, ఒకడు హాస్యం చెబుతాడు. ముగ్గురూ ఒకే వేదిక మీద, ఒకే వరసలో నిలబడతారు. హాస్యపు వంత వల్ల కథ పలచబడుతున్నది, వాణ్ణి దింపెయ్యమని రైతుకూలీ ఎవడూ అనలేదు. ఎండలో పనిచేసి వచ్చి నేల మీద కూర్చున్నవాడికి, ఏ వంత మాట తన మాటో తెలుసు.

రాత్రి తొమ్మిది గంటలకు మన మిత్రులు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ హోటళ్ల ముందు ఒక్క పది నిముషాలు నిలబడి చూడమని ప్రార్థన. వీపున సంచీ తగిలించుకొని, ఫోను చూసుకొంటూ ఆర్డరు కోసం కాచుకొన్న కుర్రవాళ్లు కనిపిస్తారు. కంపెనీలు వారిని పనివాళ్లనవు, ‘పార్ట్‌నర్లు’ అంటాయి. జబ్బు చేసిన రోజు రాబడి లేని భాగస్వాములు! క్వార్క్ విన్నా సిగ్గుపడే సూత్రమిది. ఆ కుర్రవాళ్లలో ఒకడు బేరం రాని అరగంటలో ఫోను మీద రోమ్ సమ్మె చూశాడనుకొందాం. వాడు నవ్వుతాడు. తన పక్కన బండి మీద కూర్చున్నవాడికి కూడా చూపిస్తాడు.

మీ జాబితా వాణ్ణి ఆ ఎపిసోడు దాటెయ్యమంటున్నది. జాబితా మార్చండి.