తలుపుకు తాళం సరే, మనిషికి జీతమెవరిస్తారు?

బడిలో పిల్లల ప్రాణాలు కాపాడటానికి ప్రభుత్వం డబ్బు ఖర్చుపెట్టాలా వద్దా అని ఎవరూ వాదించరు. వాదమంతా ఆ డబ్బు ఎలా ఇవ్వాలన్న దగ్గరే వస్తుంది. రెండేళ్లకో మూడేళ్లకో ఇంత గ్రాంటు అని మంజూరుచేసి చేతులు దులుపుకుంటే బడిలో హింస ఆగుతుందా? ఆగదనే నేనంటాను. ఇందుకు అమెరికా అనుభవమే పెద్ద ఉదాహరణ. అది పరాయిదేశం గొడవ, మనకెందుకంటారా? ఈ సంచిక అందుకునే మన పూర్వ విద్యార్థుల్లో ఎందరి పిల్లలో ఆ దేశపు బడుల్లోనే చదువుకుంటున్నారు గదా!

2018 ఫిబ్రవరి 14న ఫ్లోరిడా రాష్ట్రంలోని పార్క్‌లాండ్ హైస్కూలులో ఒక మాజీ విద్యార్థి తుపాకితో 17 మందిని చంపాడు. నలభై రోజులు తిరక్కుండానే, మార్చి 23న, ‘స్టాప్ స్కూల్ వయొలెన్స్ యాక్ట్’ చట్టమైంది. 2019 నుంచి 2028 దాకా ఏటా 10 కోట్ల డాలర్ల వరకు గ్రాంట్లు ఇవ్వడానికి అది వీలు కల్పించింది. ఆ డబ్బు రెండు కాలువల్లో పారుతుంది. ఒకదాంట్లో ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ శిక్షణ, పేరు చెప్పకుండా సమాచారమిచ్చే ఏర్పాట్లు, బెదిరింపులను ముందే పసిగట్టే బృందాలు. రెండోదాంట్లో తాళాలు, దీపాలు, మెటల్ డిటెక్టర్లు. ఈ డబ్బుతో తుపాకులు కొనకూడదని చట్టంలోనే రాశారు. అందుకు మెచ్చుకోవలసిందే.

తాళాలు వద్దని నేననను. 2022 మే 24న టెక్సస్ రాష్ట్రం యువాల్డీలో 19 మంది పసిపిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయినులు బలైపోయారు. హంతకుడు లోపలికొచ్చిన బయటి తలుపు మూసే ఉంది, కాని తాళం పడలేదు. తాళం విలువ తెలియడానికి ఇంతకన్నా ఏం కావాలి? అయితే అదే చోటికి 376 మంది పోలీసులు వచ్చి కూడా 77 నిమిషాల దాకా హంతకుణ్ణి అడ్డుకోలేకపోయారు. హింస గడపదాకా వచ్చాక చేయగలిగింది చాలా తక్కువ. అది అంతదాకా రాకుండా చూడటమే నివారణ. ఆ పని చేసేది మనుషులు.

ఇది నా ఊహ కాదు. 2006 నుంచి 2018 వరకు అమెరికా బడుల్లో జరగబోయి ఆగిపోయిన 67 దాడుల పథకాలను అక్కడి సీక్రెట్ సర్వీస్ పరిశీలించి 2021లో నివేదిక ఇచ్చింది. వాటిని ముందుగా కనిపెట్టి చెప్పినవారిలో ఎక్కువమంది తోటి విద్యార్థులే. పక్క బెంచీ కుర్రాడి మాట తేడాగా ఉందని పిల్లవాడికి తెలుస్తుంది. తెలిస్తే ఎవరితో చెప్పుకుంటాడు? ఏళ్లతరబడి బడిలో కనపడే, పేరు పెట్టి పిలిచే పెద్దమనిషితో చెప్పుకుంటాడు. నిరుడు వచ్చి వచ్చే ఏడు వెళ్లిపోయే మనిషితో చెప్పుకుంటాడా?

సరిగ్గా ఇక్కడే గ్రాంటు పద్ధతి చతికిలబడుతోంది. యువాల్డీ తర్వాత 2022 జూన్ 25న వచ్చిన చట్టం బడుల్లో కౌన్సిలర్లను, మానసిక వైద్య నిపుణులను పెంచడానికి 100 కోట్ల డాలర్లు కేటాయించింది. బడులు మనుషుల్ని తీసుకున్నాయి. 2025 ఏప్రిల్‌లో కొత్త ప్రభుత్వం, ఈ గ్రాంట్లు తన ప్రాధాన్యాలకు సరిపడవంటూ, వాటి కొనసాగింపు లేదని కబురు పెట్టింది. అదే ఏడాది 16 రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. కోర్టు ఏమన్నా అననీయండి. ఆ మధ్యకాలంలో ఒక కౌన్సిలరును నమ్మి నోరువిప్పిన పిల్లవాడి గతేమిటి? గ్రాంటు ఆగినా కొన్న తాళం తలుపుకే ఉంటుంది. మనిషి మాత్రం జీతం లేకపోతే ఉండడు. అందుకే బడి యాజమాన్యాలు కూడా ఆరిపోయే గ్రాంటుతో వస్తువులు కొనడమే క్షేమమనుకుంటాయి. ఆ లెక్కలో తప్పులేదు, పద్ధతిలోనే ఉంది తప్పు.

గ్రాంటు లేకపోతే కొత్త పని మొదలే కాదు గదా అని కొందరంటారు. నిజమే. మొదలుపెట్టడానికి గ్రాంటు మంచిదే. కాని మొదటిరోజే, ఇది ముగిశాక జీతం ఎవరి పద్దులోకి మారుతుందో కాగితం మీద పెట్టాలి. పంచవర్ష ప్రణాళికల రోజుల్లో యూజీసీ పోస్టులిచ్చేటప్పుడు, ప్రణాళిక గడువు తీరాక ఆ భారం రాష్ట్రానిదని ముందే పూచీ తీసుకునేది. ఆ పూచీ నెరవేరేదాకా ఎదురుచూడటం ఎలా ఉంటుందో మన అధ్యాపకులకు నేను చెప్పనక్కరలేదు. పూచీ ఉంటేనే అంత కష్టం, అసలు లేకపోతే?

మనదాకా వస్తే కథ తిరగబడింది. అక్కడ డబ్బొచ్చి ఆగిపోయింది. ఇక్కడ ముందు ఉత్తర్వు వచ్చింది. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. నూరుగురు, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హతగల కౌన్సిలరో, సైకాలజిస్టో, సామాజిక కార్యకర్తో ఒక్కరైనా ఉండాలంది. ర్యాగింగుకు, వేధింపులకు గురైనవారు ఫిర్యాదు చేసే దారి ఉండాలంది. మరి ఆ ఒక్కరి జీతం ఏ పద్దు కింద? ఏదో ఒక లెక్చరరుకు అదనపు బాధ్యతగా అంటగట్టి, గది బయట బోర్డు తగిలించి, తనిఖీకి ఫొటో తీయిస్తే సరిపోతుందా?

విద్యార్థి సంఘాలు ఏటా ఫీజుల మీద, హాస్టలు మెస్సు మీద, స్కాలర్‌షిప్పుల మీద వినతిపత్రాలిస్తూనే ఉంటాయి. ఈసారి ఒక పంక్తి కలపమని నా మనవి: కాలేజీ బడ్జెట్టులో కౌన్సిలరుకు శాశ్వత పోస్టు, ఏటా తప్పని పద్దు. పూర్వ విద్యార్థులు విరాళమివ్వదలిస్తే గదికీ, కుర్చీలకూ, పుస్తకాలకూ ఇవ్వండి, సంతోషమే. జీతం మాత్రం ఎవరి దయమీదా ఆధారపడకూడదు.