ఎక్కడ ఆగింది?



గత నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రిగారు సూటిగా అడిగారు: "మేడం, మా అమ్మాయి మూడు శనివారాలు ల్యాబ్‌లో కూర్చుంది. బోర్డు ఇంకా ఆన్ కాలేదంటోంది. మరి ఏం నేర్చుకున్నట్టు?" ఫీజు కడుతున్నవారు అడగాల్సిన ప్రశ్నే. ఆయనతో పాటు మీ అందరికీ నా జవాబు ఇది.

మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో పనిచేసేది లినక్స్ కెర్నల్. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న లినస్ టోర్వాల్డ్స్ 21 ఏళ్ల వయసులో దాన్ని మొదలుపెట్టారు. మన తొమ్మిదో తరగతి పిల్లలు ఆ కెర్నల్‌నే బీగల్‌బోన్ బ్లాక్ అనే అరచేతిలో పట్టేంత బోర్డు మీద బూట్ చేస్తున్నారు.

కరెంటు ఇవ్వగానే కెర్నల్ లేవదు. ముందు చిప్‌లోనే ఉండే చిన్న ప్రోగ్రాం మెమరీ కార్డులోంచి యూ-బూట్ అనే బూట్‌లోడర్‌ను తెస్తుంది. యూ-బూట్ కెర్నల్‌ను, దాంతోపాటు బోర్డు మీద ఏమేం ఉన్నాయో చెప్పే డివైస్ ట్రీ అనే జాబితాను మెమరీలో పెడుతుంది. అప్పుడు కెర్నల్ లేచి, కార్డులో తన ఫైళ్లు వెతుక్కుని, మొదటి ప్రోగ్రాంను నడుపుతుంది. ఈ గొలుసులో ఒక్క లంకె తప్పినా పని అక్కడే ఆగిపోతుంది.

ఆ అమ్మాయికి మొదటి వారం ఒక్క అక్షరం కూడా రాలేదు. సీరియల్ కేబుల్‌ను తిరగేసి పెట్టింది. రెండో వారం కెర్నల్ లేచింది కానీ ఫైళ్లు దొరక్క "ప్యానిక్" అంటూ ఆగింది. పార్టిషన్ నంబరు తప్పు. మూడో వారం "స్టార్టింగ్ కెర్నల్" అని వచ్చింది, ఆ తర్వాత ఏమీ లేదు. అయితే బోర్డు మీద నీలం లైటు గుండె కొట్టుకున్నట్టు వెలుగుతోందని తనే గమనించింది. అంటే కెర్నల్ నడుస్తూనే ఉంది, దాని మాటలే మనకు చేరడం లేదు! పార్టిషన్ నంబరు దిద్దుతూ అదే వరుసలో ఉన్న కన్సోల్ పేరులో ఒక అక్షరం చెరిపేసింది. నాలుగో శనివారం దాన్ని తనే పట్టుకుంది.

అన్నీ ఎక్కించి ఉన్న కార్డు కొనిస్తే బోర్డు నిమిషంలో లేచేది. ఎగ్జిబిషన్‌లో ఫొటో కూడా బాగా వచ్చేది. కానీ ఆ లైటు ఎందుకు వెలుగుతోందని అడిగితే జవాబు ఉండేది కాదు.

ఒక మాట దాచను. ఇది జేఈఈ సిలబస్‌లో లేదు, దీనివల్ల ర్యాంకు వస్తుందని నేను చెప్పను. కానీ లెక్క తప్పినప్పుడు మొత్తం కొట్టేసి మళ్లీ మొదలుపెట్టే పిల్లలను రోజూ చూస్తున్నాను. ఏ మెట్టు దాకా సరిగ్గా ఉంది, ఎక్కడ తప్పింది అని వెతకడం వాళ్లకు అలవాటు కాలేదు. బోర్డు దగ్గర ఆ అలవాటు తప్పనిసరి.

అందుకే మీకు నా విన్నపం రెండు మాటలే. ఎగ్జిబిషన్ కోసం తయారుగా ఉన్న ప్రాజెక్టు కొనకండి. శనివారం సాయంత్రం పిల్లలు ఇంటికి రాగానే "అయిందా?" అని కాకుండా "ఎక్కడ ఆగింది?" అని అడగండి. జవాబు మీకు పూర్తిగా అర్థం కాకపోయినా ఫరవాలేదు, చివరిదాకా వినండి.

ఈసారి ఎగ్జిబిషన్‌లో ప్రతి బోర్డు పక్కనా ఒక నోట్‌బుక్ ఉంటుంది. అందులో ఏ వారం ఎక్కడ ఆగిందో పిల్లలే రాసుకున్నారు. దయచేసి ముందు అది చదవండి.

— మీ పిల్లల కంప్యూటర్ ల్యాబ్ టీచర్