మా గ్రంథాలయానికి 18 అడుగుల దారి కావాలి

పుస్తకాభిమానులకు, గ్రంథాలయ సంస్థల పెద్దలకు, ఇంటిపన్ను కట్టే ప్రతి ఒక్కరికీ విన్నపం.

1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. గ్రంథాలయానికి రాలేనివాడి దగ్గరికి గ్రంథాలయమే ఎదురెళ్లాలని ఆ పెద్దల పట్టుదల. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారు బెజవాడలో తొలి మహాసభ జరిపించిన నాటి నుంచీ మన గ్రంథాలయోద్యమం నడిచిన తోవ అదే. నీళ్ల మీద ప్రయాణం చేసి పాఠకుణ్ని వెతుక్కున్న పుస్తకం ఇవాళ మూడు మెట్ల పైన కూర్చుని, చేతనైతే ఎక్కి రమ్మంటోంది.

నాకు చిన్నప్పుడే పోలియో సోకింది. వీల్‌చైర్‌లో తిరుగుతాను. నేను వెళ్లే శాఖా గ్రంథాలయం ముందు మూడు మెట్లున్నాయి, ఒక్కోటి ఆరంగుళాలు. పక్కన ర్యాంపు కూడా కట్టారు. కొలిచి చూశాను, పొడవు ఐదడుగులు. అంగుళం ఎత్తుకు పన్నెండంగుళాల వాలు ఉండాలన్నది ప్రమాణం. 18 అంగుళాల ఎత్తు ఎక్కాలంటే 18 అడుగులు కావాలి. ఐదడుగుల వాలు మీద కుర్చీ ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. ఒకసారి మా తమ్ముడు నెట్టబోయి, కుర్చీ వెనక్కి జారుతుంటే భుజం ఆన్చి ఆపాడు. ఇద్దరం చెమటలు కక్కుకుంటూ దిగిపోయాం. ఇప్పుడా ర్యాంపు మీద మోటారు సైకిళ్లు పెడుతున్నారు.

గ్రంథపాలకుడు మంచివాడు. నన్ను చూడగానే పేపర్లు బయటికి తెచ్చిస్తాడు, వేపచెట్టు కింద చదువుకుంటాను. "ఏ పుస్తకం కావాలో చెప్పండి సార్, తెచ్చిపెడతా" అంటాడు. ఆ మాటకే నా దగ్గర జవాబుండదు. ఏ పుస్తకం కావాలో ముందే తెలిస్తే కొట్టుకెళ్లి కొనుక్కోవచ్చు. గ్రంథాలయానికి వెళ్లేది మనకు తెలియని పుస్తకం కోసం. బీరువాల మధ్య తిరుగుతూ ఒకటి తీసి, రెండు పేజీలు చదివి, నచ్చక పెట్టేసి, దాని పక్కదాని అట్ట చూసి ఆగిపోతామే, ఆ సుఖం కోసం. ఇరవై ఏళ్లుగా అక్కడ సభ్యుణ్ని. ఆ బీరువాలు ఎలా ఉంటాయో నాకు తెలియదు. ఆయన మంచితనానికి చేతులెత్తి దణ్ణం పెడతాను, కానీ నాకు కావలసింది లోపలికి దారి.

గుమ్మం దాటినంత మాత్రాన అయిపోదు. పోటీ పరీక్షలకు చదివే పిల్లల గది చాలా చోట్ల మేడ మీద ఉంటుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వోద్యోగాల్లో మాకు కనీసం 4 శాతం కేటాయించింది. ఆ ఉద్యోగానికి చదువుకునే గది మాత్రం మెట్ల మీద! పాత బైండు పుస్తకాలను పైకి ఎక్కించి, చదువుకునే బల్లలను కిందికి దించడానికి నిధులు మంజూరు కావాలా? కుర్చీ పట్టే మరుగుదొడ్డి లేక సగం పూటకే ఇంటిదారి పట్టే ఆడపిల్లల సంగతి ఎవరు పట్టించుకుంటున్నారు?

చూపు లేని మా మిత్రుడి కష్టం మరోటి. ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లోని తెలుగును చదివి వినిపిస్తుంది. ఆ తెలుగు యూనికోడ్‌లో ఉండాలి. యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్లలో కంపోజు చేసిన పుస్తకం తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వినబడతాయి. స్కాన్ చేసిన బొమ్మ పేజీలైతే ఏమీ వినబడదు. అంటే తెలుగు పుస్తకం కంప్యూటర్‌లోకి వచ్చాక కూడా ఆయన చేతికి రాలేదు. 2012లో సవరించిన కాపీరైటు చట్టం ప్రకారం, వికలాంగులు చదువుకోవడానికి లాభాపేక్ష లేకుండా పుస్తకం రూపం మార్చుకోవచ్చు, హక్కుదారు అనుమతి అక్కర్లేదు. చూపులేని పాఠకుల కోసం కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకన్నా ముందు ఆమోదించింది మన దేశమే. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఒక కంప్యూటరు, స్కానరు, హెడ్‌ఫోన్లు, వాటిని వాడటం వచ్చిన ఒక మనిషి ఉంటే పని మొదలవుతుంది. చెన్నైలో అన్నా శతజయంతి గ్రంథాలయం బ్రెయిలీ విభాగాన్ని కింది అంతస్తులోనే పెట్టింది. అక్కడ అయిన పని మన దగ్గర ఎందుకు కాదు?

డబ్బుందా అంటారు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం, నేనూ కడుతున్నాను. మెట్లెక్కలేడు కదా అని నాకు తగ్గించలేదు. పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసిన ఆ సొమ్ము గ్రంథాలయ సంస్థలకు జమ కాకుండా బకాయి పడటం మనందరికీ తెలిసిందే. ఆ బకాయి రాబట్టి, మొదటి ఖర్చు గుమ్మం మీద పెట్టాలి. నియమాలు వెలువడ్డ ఐదేళ్లలో ప్రజా భవనాలన్నీ అందుబాటులోకి రావాలని 2016 చట్టం చెప్పింది. నియమాలు 2017లో వచ్చాయి, గడువు 2022లోనే తీరిపోయింది. ఇలాంటి అందుబాటు ప్రమాణాలను పాటిస్తే పాటించండి అన్నట్టు వదిలేయడం చట్టవిరుద్ధమనీ, తప్పనిసరి నియమాలు చేయాలనీ 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తేల్చింది.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. వ్యాసరచన పోటీలు జరుపుకుందాం. వాటితోపాటు ఒక పూట టేపు పట్టుకుని మీ ఊరి గ్రంథాలయానికి రండి. వీల్‌చైర్ వాడేవారిని, చూపు లేనివారిని, చెవులు వినిపించనివారిని వెంట తీసుకురండి. మెట్ల ఎత్తు, ర్యాంపు పొడవు కొలవండి. తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లుందా చూడండి. ఎవరు ఎక్కడ ఆగిపోయారో రాయండి. ఆ కాగితం జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి ఇచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకోండి. మా గ్రంథాలయం కొలతలు పైన రాశాను. అర్జీలో మొదటి సంతకం నాది.